బాబ్ మార్లే: గోరు కింద చిన్న మచ్చ.. 36 ఏళ్లకే ఆగిపోయిన పాట

జడలు కట్టిన జుట్టు, చేతిలో గిటార్, ముఖం నిండా నవ్వు. టీషర్టుల మీద, బైక్ స్టిక్కర్ల మీద, హాస్టల్ గోడల మీద ఈ బొమ్మను చూడనివాళ్లు తక్కువే. ఆయనే బాబ్ మార్లే. జమైకా పేటల్లో పుట్టిన రెగె సంగీతాన్ని ప్రపంచమంతా వినేలా చేసిన గాయకుడు.

మరి ఆయన ఎలా చనిపోయారు? గంజాయి వల్ల అని కొందరు, ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ వల్ల అని మరికొందరు అనుకుంటారు. రెండూ నిజం కాదు. ఆయన ప్రాణం తీసింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమా అనే చర్మ క్యాన్సర్.

పల్లె నుంచి ప్రపంచ వేదికకు..

1945 ఫిబ్రవరి 6న జమైకాలోని నైన్ మైల్ అనే చిన్న పల్లెలో బాబ్ పుట్టారు. తల్లి సెడెల్లా నల్లజాతి అమ్మాయి. తండ్రి నార్వల్ మార్లే తెల్లజాతీయుడు. తండ్రి ఇంట్లో ఉన్నది తక్కువే. బాబ్‌కు పదేళ్లప్పుడు ఆయన చనిపోయారు. తర్వాత తల్లీకొడుకులు రాజధాని కింగ్‌స్టన్‌కు వచ్చి, ట్రెంచ్ టౌన్ అనే పేదల పేటలో ఉన్నారు.

చిన్ననాటి స్నేహితుడు బన్నీకి తోడు, అక్కడ పీటర్ టోష్ లాంటి స్నేహితులు దొరికారు. 1963లో వీళ్లంతా కలిసి పెట్టిన బృందమే వైలర్స్. పాటలు హిట్ అయినా చేతిలో డబ్బు నిలవలేదు. 1966లో రీటాను పెళ్లి చేసుకున్న బాబ్, అమెరికా వెళ్లి కొన్నాళ్లు కార్ల ఫ్యాక్టరీలో కూడా పనిచేశారు. 1973లో వచ్చిన క్యాచ్ ఎ ఫైర్ ఆల్బమ్‌తో బయటి ప్రపంచం వైలర్స్‌ను గుర్తించింది. అప్పటికే ఆయన రాస్తాఫారీ మతాన్ని గట్టిగా నమ్మారు. తిండి, జుట్టు, పాట అన్నీ ఆ నమ్మకం ప్రకారమే.

1976 డిసెంబర్‌లో దుండగులు ఇంట్లోకి చొరబడి ఆయనపై కాల్పులు జరిపారు. గాయాలతోనే రెండు రోజుల తర్వాత స్టేజీ ఎక్కి పాడారు. ఆ తర్వాత లండన్ వెళ్లిపోయారు. అక్కడ తయారైన ఎక్సోడస్ ఆల్బమ్ 1977లో విడుదలై సంచలనం సృష్టించింది.

మానని పుండు

బాబ్‌కు సంగీతం తర్వాత ప్రాణం ఫుట్‌బాలే. టూర్‌లో ఎక్కడ ఖాళీ దొరికినా ఆడేవారు. 1977లో పారిస్‌లో ఆడుతుండగా కుడికాలి బొటనవేలికి దెబ్బ తగిలింది. ఆటగాళ్లకు ఇది మామూలే కాబట్టి ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. కానీ పుండు మానలేదు. పరీక్షలు చేస్తే అసలు విషయం బయటపడింది. గోరు కింద ఉన్నది మెలనోమా!

చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చేదే మెలనోమా. తెల్లవాళ్లలో దీనికి ఎక్కువగా ఎండే కారణం. కానీ అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద వచ్చే రకం వేరు. దానికి ఎండతో సంబంధం లేదు. నల్లజాతీయుల్లో, మన లాంటి ఆసియా వాళ్లలో మెలనోమా మొత్తంగా అరుదే అయినా, వస్తే ఎక్కువగా ఇలాంటి చోట్లే వస్తుంది. మాది నల్లటి చర్మం, చర్మ క్యాన్సర్ రాదు అనుకోవడం పొరపాటు. దెబ్బ వల్ల బాబ్‌కు క్యాన్సర్ రాలేదు. అక్కడ ఉన్న క్యాన్సర్‌పై దృష్టి పడేలా చేసింది, అంతే.

వేలు తీసేయాలన్నారు.. ఆయన వద్దన్నారు

బొటనవేలు తీసేయడమే మంచిదని డాక్టర్లు సలహా ఇచ్చారు. బాబ్ ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన శరీరాన్ని కోయకూడదు, అది నిండుగా ఉండాలి అనేది రాస్తాఫారీల నమ్మకం. పైగా స్టేజీ మీద గెంతుతూ పాడే మనిషి. చివరికి మధ్యే మార్గంగా గోరును, దాని కింద ఉన్న కణజాలాన్ని మాత్రం తీసి, వేరేచోటి చర్మం తెచ్చి అతికించారు. మిగిలిన టూర్ రద్దయింది.

గాయం మానింది. బాబ్ మళ్లీ పరుగు మొదలుపెట్టారు. 1978 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్‌లో జరిగిన శాంతి కచేరీలో, బద్ధ శత్రువుల్లా ఉన్న ఇద్దరు నేతలు మైకేల్ మ్యాన్లీ, ఎడ్వర్డ్ సియాగాలను స్టేజీ మీదకు పిలిచి చేతులు కలిపించారు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకల్లో పాడారు. అదే ఏడాది ఇటలీలోని మిలాన్‌లో దాదాపు లక్ష మంది ఆయన కచేరీకి వచ్చారు. చూసేవాళ్లకు పూర్తి ఆరోగ్యంగా కనిపించారు. మెలనోమాతో ఉన్న ప్రమాదమే అది. పైన పుండు మానినా, తప్పించుకున్న కణాలు లింఫ్ గ్రంథుల ద్వారా, రక్తం ద్వారా లోపలికి పాకుతాయి. ఏళ్ల తరబడి నొప్పి కూడా తెలియకపోవచ్చు.

1980 సెప్టెంబర్ 21న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జాగింగ్ చేస్తూ బాబ్ కుప్పకూలారు. క్యాన్సర్ అప్పటికే మెదడుకు, ఊపిరితిత్తులకు పాకింది. అయినా రెండు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్‌లో పాడారు. అదే ఆఖరి కచేరీ. చికిత్సలో ఆయన జడలు కూడా పోయాయి. జర్మనీలోని ఓ క్లినిక్‌లో నెలల తరబడి ప్రత్యామ్నాయ వైద్యం తీసుకున్నా ఫలితం లేదు. ఇక సొంతూరికి వెళ్లిపోదామని బయల్దేరారు. కానీ జమైకా చేరకముందే, దారిలో మయామీలోని ఆస్పత్రిలో 1981 మే 11న కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేసి, పుట్టిన పల్లె నైన్ మైల్‌లోనే ఖననం చేశారు.

ఇప్పుడైతే ఏం చేస్తారు?

వేలు తీసేసి ఉంటే బాబ్ కచ్చితంగా బతికేవారని ఏ డాక్టరూ చెప్పలేరు. కానీ ఒకటి మాత్రం నిజం. మెలనోమా తొలిదశలో దొరికితే చాలా మందికి ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది.

ముందు చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. క్యాన్సర్ ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. చికిత్సను చాలావరకు ఆ కొలతే నిర్ణయిస్తుంది. మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే, మచ్చతో పాటు చుట్టూ సుమారు 1 సెంటీమీటరు మంచి చర్మం కూడా తీస్తారు. 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్ల దాకా తీస్తారు. కొంత లోతుకు దిగితే, దగ్గర్లోని లింఫ్ గ్రంథిని కూడా పరీక్షిస్తారు. గోరు కింద పైపొరలోనే ఉన్నప్పుడు దొరికితే, చాలా కేసుల్లో వేలు తీయకుండా గోరు భాగం మొత్తాన్ని తీసేసి చర్మం అతికిస్తారు. అంటే త్వరగా వెళ్తే వేలు కూడా దక్కొచ్చు. ఒంట్లో పాకిన తర్వాత బాబ్ కాలంలో సరైన మందే లేదు. ప్రాణాలు నిలిపే ఇమ్యునోథెరపీ మందులు 2011 నుంచే ఒక్కొక్కటిగా వచ్చాయి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

ఒకే గోరులో కొత్తగా నలుపు లేదా గోధుమ రంగు చార రావడం. ఆ చార రోజులు గడిచేకొద్దీ వెడల్పు కావడం. రంగు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకడం. అరికాలిలో మచ్చ ఆకారం, రంగు మారడం. వారాలు గడిచినా పుండు మానకపోవడం. ఇవన్నీ డాక్టర్‌కు చూపించాల్సినవే.

ప్రతి నల్లచారా క్యాన్సర్ కాదు. మన చర్మం రంగున్నవాళ్లలో చాలామందికి నాలుగైదు గోళ్లలో చారలు ఉండటం మామూలే. దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా అక్కడే ఉంటే మాత్రం అనుమానించాలి. నెయిల్ పాలిష్‌తో కప్పేయకుండా, సొంత వైద్యం చేయకుండా చర్మ వ్యాధుల నిపుణులకు చూపించండి. పాటలు పాడే వయసులో బాబ్ మార్లేను తీసుకెళ్లింది గోరు కింది మచ్చే. ఈసారి గోళ్లు తీసుకునేటప్పుడు కాలి వేళ్లను కూడా ఓసారి చూసుకోండి.