మాట నేర్పిన రంగస్థలం – బళ్ళారి రాఘవ

తాడిపత్రి రాఘవాచార్యులు అంటే మనలో చాలామందికి తెలియదు. బళ్ళారి రాఘవ అంటే మాత్రం గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేవాళ్ళకు ఒక బిట్టుగా తెలుసు. ఫలానా ప్రముఖ రంగస్థల నటుడు ఎవరు, ఆప్షన్ బి, అంతే. ఆ బిట్టు వెనకాల ఉన్న మనిషి మన సీమ మనిషి, కర్నూలు అల్లుడు. చదువుకుంటున్న పిల్లలు వేదిక ఎక్కి నోరు తెరవడం అనే విషయానికి తన జీవితంలో సగం ఇచ్చిన మనిషి. మన వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి ఒక వ్యాసం ఉండాలని నాకు చాలా రోజులుగా ఉంది.

రాఘవ 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. అప్పటికి అనంతపురం జిల్లా అనేదే లేదు. 1882లో బళ్ళారి జిల్లాను విడదీసి దాన్ని చేశారు. ఆయన పుట్టడానికి రెండేళ్ళ ముందే ధాత కరువు ముగిసింది. 1876 నుంచి 1878 దాకా కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన కరువు అది. మా అవ్వ కూడా ఆ పేరు చెప్పేది, వాళ్ళ అవ్వ చెప్పగా విన్నదట. అటువంటి కరువు దాటిన పదేళ్ళకే ఈ నేలలో జనం నాటక సభలు పెట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ సభలు పుట్టింది బళ్ళారిలో. ఒకటి సరస వినోదినీ సభ. దాన్ని పెట్టింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. వృత్తికి వకీలు, ఆంధ్ర నాటక పితామహుడని పేరు. ఆయన రాసిన విషాద సారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకమని చెబుతారు. రెండోది సుమనోరమ సభ. దాన్ని నడిపింది కోలాచలం శ్రీనివాసరావు. ఆయనా వకీలే, చరిత్ర నాటకాలు రాయడంలో దిట్ట. రెండు సభల మధ్య పోటీ ఉండేది. పగలు కోర్టులో, కచేరీలో, బడిలో పనిచేసుకునేవాళ్ళు సాయంత్రం వచ్చి పాఠం బట్టీ పట్టి రిహార్సల్ చేసేవాళ్ళు. ఎవరికీ అది బతుకుతెరువు కాదు. ఊరి కుర్రాళ్ళకు మాత్రం అదొక సాయంకాలపు బడి లాంటిది. ధర్మవరం వారు రాఘవకు సొంత మేనమామ. పన్నెండేళ్ళ వయసుకే రాఘవ ముఖానికి రంగు వేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆ బడి తలుపులు అందరికీ తెరిచి లేవు. ఆ సభల్లో ఉన్నది ఎక్కువగా ఇంగ్లీషు చదువుకున్న పై కులాల వాళ్ళు, ప్లీడర్లు, ఉద్యోగులు. మన తాతలు ఆ రోజుల్లో చూసినవి వీధి నాటకాలు, తోలుబొమ్మలాటలు. వాటిని ఆడినవాళ్ళు కూడా మనలాంటి ఇళ్ళవాళ్ళే. వాళ్ళకు పితామహుడు, ప్రపితామహుడు అని బిరుదులు ఎవరూ ఇవ్వలేదు. ఇది రాఘవ గారి తప్పని అనడం లేదు, ఆ కాలం అలాంటిది. కానీ తెలిసి చదవాలి.

రాఘవ బళ్ళారిలో మెట్రిక్, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి, మద్రాసు లా కాలేజీ నుంచి 1905లో బి.ఎల్. పట్టా తీసుకున్నారు. బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్ పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడించారు. పెళ్ళి కర్నూలు అమ్మాయి కృష్ణమ్మ గారితో జరిగింది. వకీలుగా మంచి పేరొచ్చింది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కూడా అయ్యారు. కోర్టు, వేదిక రెంటినీ చివరిదాకా పక్కపక్కనే పెట్టుకుని నడిచారు. బెంగళూరు వెళ్ళి అక్కడి అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్‌తో కలిసి తెలుగు, కన్నడ, ఇంగ్లీషు, హిందీ నాటకాల్లో నటించారు. బళ్ళారిలో పెరిగినవాళ్ళకు రెండు భాషలు పుట్టుకతో వచ్చేవే. మిగతావి కష్టపడి నేర్చుకున్నారు.

ఆయనకు పెద్ద పేరు తెచ్చింది కోలాచలం వారి రామరాజు చరిత్ర. విజయనగరం ఎలా కూలిపోయిందో చెప్పే నాటకం. హంపీ బళ్ళారికి దగ్గరే కదా, ఆ జనానికి అది పొరుగూరి కథ లాంటిది. అందులో రాఘవ వేసింది రామరాయల వేషం కాదు, పఠాన్ రుస్తుం వేషం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగళూరు వచ్చినప్పుడు ఆ వేషం చూసి మెచ్చుకున్నారు. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు – ఆయన పేరు చెబితే పెద్దలు తలుచుకునే వేషాలు చాలావరకు ఇలాంటివే. జనం చెడ్డవాడని ముందే తీర్మానించుకున్న మనిషి లోపల ఏముందో ఆయన వెతికేవారు. దుర్యోధనుణ్ణి మీసం మెలేసి కేకలు వేసే రాక్షసుడిగా కాకుండా అభిమానం దెబ్బతిన్న రాజుగా చూపేవారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో నాటకం అంటే పద్యం, పద్యం అంటే రాగం. మీ ఊళ్ళో తిరునాళ్ళకు హరిశ్చంద్ర కాటిసీను చూసి ఉంటే మీకు తెలుసు. ఒక్కో పద్యం చివర రాగం తీస్తూ పోతే, కింద కూర్చున్నవాళ్ళు వన్స్ మోర్ అని అరిస్తే, కొడుకు శవం పక్కనే ఉన్నా హరిశ్చంద్రుడు మళ్ళీ హార్మోనియం వైపు తిరిగి అదే పద్యం ఎత్తుకుంటాడు. నాకు ఆ పద్యాలంటే ఇష్టమే, మా మామ పాడితే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ రాఘవ గారి ప్రశ్న వేరు. కొడుకు చచ్చిపోయిన తండ్రి రాగం తీస్తాడా? దుఃఖంలో ఉన్న మనిషి గొంతు ఎలా వణుకుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ మాట దగ్గర మింగుతుంది? పద్యం ఉన్నా దాన్ని మాటలాగా, అర్థం తెలిసేలాగా చెప్పాలని ఆయన పట్టు. సంగీతం కోసం వచ్చిన జనానికి మొదట్లో ఇది రుచించలేదు. ఆయన తగ్గలేదు. కన్ను, చెయ్యి, నడక, మౌనం, ఇవన్నీ మాట్లాడతాయని చూపించారు. తెలుగు రంగస్థలం మీద సహజ నటన అని ఈరోజు మనం అనుకునే దానికి దారి వేసినవాళ్ళలో ఆయన మొదటి వరసలో ఉంటారు.

చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, ఈ మాట మీకెందుకు చెబుతున్నానంటే, మనకు అన్నిటికన్నా కష్టం మాట్లాడటమే కాబట్టి. నేను ఆరో తరగతిలో ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్‌లో చేరినప్పుడు హాజరు పిలిస్తే ప్రెజెంట్ మేడమ్ అనడానికి కూడా గొంతు వచ్చేది కాదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ ఆఫీసర్ ముందు నిలబడి పూర్తి వాక్యం మాట్లాడి ఎరగరు, నాకెక్కడ వస్తుంది? ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి నాకు నాలుగు డైలాగులు ఇచ్చారు. ఆ నాలుగు డైలాగులు పదిహేను రోజులు నీళ్ళ ట్యాంకు దగ్గర గట్టిగా చెప్పుకున్నాను. పీజీ ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది మార్కుల కన్నా ఆ నీళ్ళ ట్యాంకే అని నా నమ్మకం.

డబ్బు సంగతి. రాఘవ నటనను వృత్తిగా చేసుకోలేదు. సంపాదన కోర్టులో, నాటకం వచ్చేది ప్రజలకు. ఎన్నో ప్రదర్శనల వసూళ్ళు సహాయ నిధులకూ మంచి పనులకూ వెళ్ళాయి. వినడానికి చాలా గొప్పగా ఉంటుంది, గొప్పే. అయితే ఇంట్లో తిండికి లోటు లేనివాళ్ళకే ఈ త్యాగం కుదురుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మన కడప జిల్లాలోనే చక్రాయపేట దగ్గర సురభి అనే పల్లె ఉంది. 1885లో వనారస గోవిందరావు కుటుంబం అక్కడ కీచక వధ ఆడింది. అంతకుముందు వాళ్ళు తోలుబొమ్మలాడిస్తూ ఊరూరా తిరిగినవాళ్ళు. సురభి వాళ్ళు టికెట్టు పెట్టి ఆడారు, ఎందుకంటే అదే వాళ్ళ కూడు. ఆ డేరాలే వాళ్ళ పిల్లలకు బడి అయ్యాయి. బాలకృష్ణుడి వేషం వేస్తూ మాట, ప్రహ్లాదుడి వేషం వేస్తూ పద్యం నేర్చుకున్నారు. రాఘవనూ సురభినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మన సీమ నాటకం నిండుగా కనిపిస్తుంది.

స్త్రీల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ రోజుల్లో సత్యభామ అయినా చంద్రమతి అయినా చీర కట్టుకుని వచ్చేది మగవాళ్ళే. స్థానం నరసింహారావు గారు ఆడవేషాల్లో ఎంత గొప్పవారంటే తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతటి నటులు ఉన్న కాలంలోనే రాఘవ ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని, చదువుకున్న స్త్రీలు వేదిక ఎక్కాలని గట్టిగా వాదించారు. ఉపన్యాసంతో ఆగలేదు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారితో కలిసి నటించారు. మగవాళ్ళ పక్కన నిలబడి నటించిన ఆడమనిషిని లోకం ఎన్ని మాటలు అంటుందో మనకు తెలియనిది కాదు. ఆ మాటలు ఎక్కువగా పడింది పద్మావతీదేవి లాంటి వాళ్ళ మీదే కాబట్టి ఆ ధైర్యంలో పెద్ద వాటా వాళ్ళదని నేనంటాను. పైగా సురభి స్త్రీలు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా తమ వేషాలు తామే వేస్తున్నారు. ఆ కుటుంబం నుంచి వచ్చిన సురభి కమలాబాయే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి. చదువుకున్న ఇళ్ళలో ఈ చర్చ పెట్టింది రాఘవ అయితే, పని చేసి చూపించింది డేరాల్లోని ఆడవాళ్ళు.

మన దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. బాలుర హాస్టల్‌లో అన్నలు వార్డెన్ గారి ఇంటి నుంచి చీర అడిగి తెచ్చుకుంటారు. మా బాలికల హాస్టల్‌లో కాటుకతో మీసాలు. అల్లూరి సీతారామరాజు నుంచి తాగుబోతు మొగుడి దాకా అందరం మేమే. ఒకసారి నాటకం చూడటానికి వచ్చిన ఒక నాన్న, తన కూతురు మీసం పెట్టుకుని తనలాగే తూలుతూ నడవడం చూసి మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. భోజనాల వేళకు తిరిగి వచ్చి ఆ అమ్మాయి పక్కనే కూర్చుని తిన్నాడు. ఏమీ మాట్లాడలేదు.

రాఘవ పౌరాణికాల దగ్గరే ఆగిపోలేదు. పి.వి. రాజమన్నార్ రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని వేదిక ఎక్కించారు. భార్యాభర్తల నడుమ తప్పెవరిదని నిలదీసే నాటకం. ఆ రాజమన్నార్ గారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడూ ఆయనే. 1927లో గాంధీజీ మైసూరు సంస్థానంలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు రాఘవ బృందం హిందీలో దీనబంధు కబీర్ ప్రదర్శించింది. గాంధీజీ చూసి చాలా సంతోషించారు. నేతపనివాడు కబీరు కథను ఒక ఆచార్యుల ఇంటి వకీలు వేదిక మీదికి తేవడం నాకు నచ్చిన విషయం. 1920ల చివర్లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకశాలలు చూసి, బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు.

సినిమాలు తక్కువే. ద్రౌపదీ మానసంరక్షణం (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940). వీటిలో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ గురించి తెలుసుకోవాలి. జమీందార్ల దౌర్జన్యం మీద తీసిన సినిమా అది. జమీందార్లు కోపగించారు, కొన్ని చోట్ల ప్రభుత్వం నిషేధించింది. అందులో రాఘవ రైతు నర్సిరెడ్డి. రాజులూ రాక్షసులూ వేసిన నటుడు అరవై ఏళ్ళకు దగ్గరపడ్డాక అప్పులపాలైన రైతు అయ్యారు. మా ఇంట్లో అందరూ వేరుశనగ కూలికి వెళ్ళినవాళ్ళు కాబట్టి ఆయన వేషాల్లో నాకు దగ్గరగా అనిపించేది అదే.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. ఏడేళ్ళ తర్వాత, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో కలిసింది. దాంతో మన పాఠ్యపుస్తకాలకు ఆయన కొంచెం దూరమయ్యారని నాకనిపిస్తుంది. బళ్ళారి వాళ్ళు మాత్రం మరిచిపోలేదు. రాఘవ పేరు మీద అక్కడ కళామందిరం ఉంది, స్మారక సంఘం ఉంది, తెలుగు కన్నడ నాటకాలు రెండూ ఆడతారు. 1981లో కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ తెచ్చింది.

ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. అది కందుకూరి వీరేశలింగం గారి జయంతి. రాఘవ పోయిన తేదీ కూడా అదే కావడం యాదృచ్ఛికం. మనకు ఒకటే ఇబ్బంది, ఏప్రిల్ అంటే పరీక్షలు, ఆ తర్వాత పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు పోవడం. ఆగస్టు 2 అయితే కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలతో సహా హాస్టల్ నిండుగా ఉంటుంది. పంద్రాగస్టు ప్రాక్టీసు కూడా అప్పటికి మొదలవ్వదు. దుప్పట్లు కట్టి తెర చేయడానికి భోజనాల హాల్లో ఉత్తరం గోడకు మేకులు ఇంకా అలాగే ఉన్నాయి, మా బ్యాచ్ కొట్టినవే.