పక్షవాతం తరవాత 27 ఏళ్లు: లూయీ పాశ్చర్

పాల పాకెట్టు మీద పాశ్చరైజ్డ్ అని అచ్చేసి ఉంటుంది. ఆ మాట లూయీ పాశ్చర్ పేరు నుంచి వచ్చిందని మనలో చాలామందికి తెలుసు. పిచ్చికుక్క కాటుకు టీకా తయారుచేసిన శాస్త్రవేత్త అని కూడా బళ్లో చదువుకున్నాం. కాని ఆ టీకా నాటికి ఆయన ఎడమ చేయి బిగుసుకుపోయి ఉండేదనీ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడనీ మన పాఠాల్లో లేదు. 45 ఏళ్ల వయసులో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆయన టీకాలన్నీ ఆ తరవాత వచ్చినవే.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులో దోల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది తోళ్లు పదును చేసే పని. చిన్నప్పుడు పాశ్చర్ చేతికి మంచి పనితనం ఉండేది. తల్లిదండ్రుల బొమ్మలు, ఇరుగుపొరుగు వాళ్ల బొమ్మలు రంగుల్లో వేసేవాడు. 1848లో, 25 ఏళ్ల కుర్రవాడిగా, టార్టారిక్ ఆమ్లానికి చెందిన ఒక లవణం స్ఫటికాలు తీసుకుని, కుడివైపు వాలినవి ఒక కుప్ప, ఎడమవైపు వాలినవి ఇంకో కుప్ప, ఒక్కొక్కటే చేత్తో ఏరాడు. రెండూ కాంతిని చెరోవైపుకి తిప్పుతాయని చూపించాడు. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా చేసిన ఆ పని రసాయనశాస్త్రంలో కొత్త దారి తెరిచింది.

మరుసటి ఏడు మరీ లోరాన్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకి అయిదుగురు పిల్లలు. ముగ్గురు ఆడపిల్లలు చిన్నతనంలోనే పోయారు: 1859లో ఒకరు, 1865లో ఒకరు, 1866లో ఒకరు. ఆ దుఃఖంలోనే ఆయన పట్టుపురుగుల మీద పని చేస్తున్నాడు. దక్షిణ ఫ్రాన్సులో పట్టుపురుగులకి పెబ్రిన్ అనే రోగం తగిలి రైతులు దివాలా తీస్తున్నారు. 1865లో ప్రభుత్వం ఆయన్ని ఆలెస్ ప్రాంతానికి పంపింది. అప్పటికి పట్టుపురుగుల గురించి ఆయనకి ఏమీ తెలియదు. భార్య మరీ, మిగిలిన కూతురు మరీ లూయీజ్ కూడా పురుగుల్ని సాకారు, గుడ్లు ఏరారు.

1868 అక్టోబరు 19 ఉదయం ఆయనకి ఎడమ పక్కన తిమ్మిరిగా అనిపించింది. మధ్యాహ్నం వణుకు వచ్చింది. అయినా ఊరుకోకుండా పారిస్‌లో సైన్సు అకాడమీ సమావేశానికి వెళ్లి, పట్టుపురుగుల మీద ఒక ఇటలీ ఆయన రాసిన వ్యాసం చదివి వినిపించాడు. ఇంటికొచ్చి, తిని పడుకున్నాక జబ్బు ఒక్కసారిగా పైకొచ్చింది. మొదట మాట రాలేదు. కాసేపటికి మాట వచ్చి ఇంట్లోవాళ్లని పిలవగలిగాడు. ఒక్కో గంటా గడిచేకొద్దీ ఎడమ చేయి, ఎడమ కాలు పూర్తిగా పడిపోయాయి. అప్పటి వైద్యం ఏమిటంటే చెవుల వెనక జలగలు పట్టించడం. అంతకుమించి వైద్యులకి తోచింది లేదు.

ఆయన బతకడనే అందరూ అనుకున్నారు. కాని మనసు మాత్రం తేటగా ఉంది. వారం రోజులకే, రాత్రిపూట పక్కన కాపలా ఉన్న శిష్యుడు జెర్నేకి పట్టుపురుగు గుడ్ల గురించి ఒక వ్యాసం చెప్పి రాయించాడు.

ఈ రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. ఆయన పనిచేసే ఎకోల్ నార్మాల్ కాలేజీలో కొత్త ప్రయోగశాల కడుతున్నారు. దానికోసం ఆయన ఎన్నాళ్లో అడిగి సాధించుకున్నాడు. జబ్బు పడ్డాక కట్టుబడి ఆగిపోయింది. పనివాళ్ల చప్పుడు లేదు. ఎందుకు ఆపారో ఆయనకి అర్థమైంది. మనిషి పోతాడు, ఇంక ఈ కట్టడం ఎవరికోసం అని పైవాళ్లు లెక్క వేసుకున్నారన్నమాట. ఆ దెబ్బ జబ్బుకన్నా గట్టిగా తగిలింది. స్నేహితులు ఆ మాట ఫ్రాన్సు చక్రవర్తి దాకా చేరవేస్తే, ఆయన ఆజ్ఞ మీద పని మళ్లీ మొదలైంది. పడుకున్న చోటునుంచి ఆ పని సాగడం తెలుసుకున్న తరవాతే ఆయనకి ధైర్యం చిక్కిందని జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

నవంబరు చివరికి మంచం దిగి కుర్చీలో కూర్చోగలిగాడు. 1869 జనవరిలో, జబ్బు పడి మూడు నెలలు నిండకుండానే, వద్దన్నవాళ్ల మాట వినకుండా దక్షిణాదికి రైలెక్కాడు. పెట్టెలో పడుకోబెట్టే తీసుకెళ్లారు. సెంటిపోలిత్ అనే ఊళ్లో చలి ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఏ తట్టలో ఏ గుడ్లు వెయ్యాలో, ఏవి మైక్రోస్కోప్ కింద చూడాలో శిష్యులకి చెప్పేవాడు. వాళ్లు చేసి చూపించేవాళ్లు. ఆ ఏడు చివర్లో ట్రియెస్ట్ దగ్గర ఒక పట్టు తోటకి మకాం మార్చాడు. ఎన్నో ఏళ్లుగా పంట రాని ఆ తోటలో ఆయన ఎంచిన గుడ్లతో పంట పండింది. పట్టుపురుగుల జబ్బుల పుస్తకం అక్కడే పూర్తయింది. ఆయన చెబుతుంటే మరీ రాసింది. 1870లో రెండు సంపుటాలుగా అచ్చయింది.

ఆ పద్ధతి మన కర్ణాటకలో ఇప్పటికీ నడుస్తోంది. శిడ్లఘట్ట, రామనగర పట్టుగూళ్ల మార్కెట్లు మనకి కొత్తవి కావు. ఆ గూళ్లకి మూలమైన గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో, గుడ్లు పెట్టిన తల్లి చిలకని నీళ్లతో నూరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పెబ్రిన్ కణాలు కనిపిస్తే ఆ గుడ్లు నాశనం చేస్తారు. నడవలేని మనిషి కుర్చీలోంచి నిలబెట్టిన పద్ధతి అది.

ఆయనకి ఏం తిరిగి వచ్చింది, ఏం రాలేదు అన్నది కూడా తెలుసుకోవాలి. పక్షవాతంలో చెడేది చెయ్యీ కాలూ కాదు, మెదడు. మెదడులో ఒకచోట రక్తం అందకపోయినా, రక్తనాళం చిట్లినా అక్కడి కణాలు చచ్చిపోతాయి. మెదడు కుడి సగం ఒంటి ఎడమ పక్కని కదిలిస్తుంది. మాట చాలామందికి మెదడు ఎడమ సగంలో ఉంటుంది. పాశ్చర్‌కి ఎడమ పక్క పడిపోయినా మాట నిలవడానికి కారణం అదే అయి ఉంటుంది. చచ్చిన కణాలు మళ్లీ బతకవు. కాని చుట్టూ బతికున్న భాగాలు ఆ పని కొంతవరకు నేర్చుకోగలవు. నేర్చుకోవాలంటే ఆ కదలికే మళ్లీ మళ్లీ చెయ్యాలి. పసిపిల్ల నడక నేర్చుకున్నట్టే. మొదటి మూడు నెలల్లో మార్పు ఎక్కువ, తరవాత నెమ్మదిస్తుంది, అయినా ఆగిపోదు. చాలామందికి కాలు ముందు కోలుకుంటుంది, చేయి వెనకబడుతుంది, వేళ్లు అన్నిటికన్నా ఆలస్యం. పాశ్చర్‌కీ అంతే అయింది. నడక వచ్చింది, కుంటితో. ఎడమ చెయ్యి మాత్రం మామూలు కాలేదు.

స్ఫటికాలు ఏరిన ఆ మనిషికి ఇంక రెండు చేతుల పని లేదు. ఏం చేశాడు? వేరేవాళ్ల చేతుల్ని నమ్ముకున్నాడు. ఏమి చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో ఆయన చెప్పేవాడు. సీసాలు, సూదులు, జంతువులు శిష్యులు చూసుకునేవాళ్లు. ఎమీల్ రూ, షాంబెర్లాన్ అలా వచ్చినవాళ్లే. 1881లో పుయీ ల్ ఫోర్ అనే పల్లెలో గొర్రెలకి ఆంథ్రాక్స్ టీకా వేసి అందరి ఎదుట పరీక్ష పెడితే, టీకా వేసినవి నిలిచాయి, వెయ్యనివి చచ్చాయి. ఆ టీకా తయారీలో షాంబెర్లాన్ చెయ్యి పెద్దది. పిచ్చికుక్క జబ్బు పనిలో రూ చెయ్యి పెద్దది. 1885 జులై 6న, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి మొదటి సూది వేసింది గ్రాంషే అనే వైద్యుడు. పాశ్చర్ వైద్యుడు కాడు గనక సూది వెయ్యకూడదు. ఆ పిల్లవాడు బతికాడు. కీర్తి మాత్రం ఎక్కువగా ఒక్క పేరుకే దక్కింది. మనం చెప్పుకునేటప్పుడు మిగిలిన పేర్లు కూడా చెప్పుకోవడం న్యాయం.

1887లో జబ్బు మళ్లీ తిరగబెట్టి మాట తడబడింది. 1888 నవంబరు 14న పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచిన రోజు, ఆయన ప్రసంగాన్ని కొడుకు చదివాడు. 1892లో 70వ పుట్టినరోజు సభకి ఫ్రాన్సు అధ్యక్షుడి చెయ్యి పట్టుకుని నడిచి వచ్చాడు. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు. అప్పుడు ఒక చెయ్యి మరీ చేతిలో ఉంది.

మనలో కొందరి ఇళ్లల్లో పక్షవాతం వచ్చిన తాతయ్యో, అమ్మమ్మో, మేనమామో ఉండే ఉంటారు. వాళ్లకోసం పాశ్చర్ కథలోంచి మూడు సంగతులు. ఒకటి, ఆ ఉదయం వచ్చిన తిమ్మిరి. మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క హఠాత్తుగా తిమ్మిరెక్కినా సాయంత్రం దాకా ఆగకూడదు. స్కాన్ తీసి, గడ్డని కరిగించే మందు ఇవ్వదగిన వాళ్లకి అది నాలుగున్నర గంటల లోపల పడాలి. రెండోది, కదలిక. అలసిపోతాడని మంచినీళ్ల గ్లాసు కూడా మనమే నోటికి అందిస్తుంటే ఆ చెయ్యి ఏమీ నేర్చుకోదు. ఫిజియోథెరపీ వాళ్లు చెప్పినవి రోజూ చేయించాలి, ఒలికినా ఫరవాలేదు. ఈ పని సాధారణంగా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. మరీలాగా వాళ్ల పేరూ ఎవరూ రాయరు. ఆ పనిని ఇంట్లో అందరూ పంచుకోవాలి.

మూడోది ఆగిపోయిన ఆ కట్టడం. జబ్బు పడ్డ మనిషిని ఇంటి లెక్కల్లోంచి, నిర్ణయాల్లోంచి, కబుర్లలోంచి తీసేస్తే అది వాళ్లకి తెలిసిపోతుంది. చిట్టీ పద్దులు రాసే అమ్మమ్మని పద్దులు అడగండి. చెయ్యి ఆడకపోతే ఆవిడ చెబుతుంది, మీరు రాయండి.