దిక్కులేని పిల్లలకు పెద్దదిక్కు హజ్రత్ ఉమర్ (రజి)

హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) పేరు వినగానే మనలో చాలామందికి ఆయన న్యాయపాలన గుర్తుకొస్తుంది. ఈరాన్, రోమ్ సామ్రాజ్యాలపై ముస్లిములు సాధించిన విజయాలు గుర్తుకొస్తాయి. పెద్దపెద్దవాళ్ళు సైతం ఆయన ముందు నోరు విప్పటానికి జంకేవారని కూడా మనం విని ఉన్నాం. కాని ఆ మహనీయుని జీవితంలో మరో పార్శ్వం ఉంది. ఆకలితో ఏడ్చే పిల్లలు, తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు, ఎవరో కని వదిలేసిపోయిన పసికందులు ఆయనకు నిద్ర పట్టనిచ్చేవారు కాదు. మన పేటల్లోనూ అలాంటి పిల్లలు ఉన్నారు కాబట్టి, ఆయన జీవితాన్ని ఈసారి ఆ పిల్లల వైపు నుంచి చూద్దాం.

దెబ్బలు తిన్న బాల్యం

హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో, ఖురైష్ తెగకు చెందిన బనూ అదీ వంశంలో జన్మించారు. తండ్రి ఖత్తాబ్ చాలా కఠినుడు. చిన్నతనంలో ఉమర్ (రజి) మక్కా సమీపంలోని దజ్నాన్ లోయలో తండ్రిగారి ఒంటెలను మేపేవారు. పని చేస్తే అలసిపోయేదాకా చేయించటం, పనిలో ఏమాత్రం లోపం జరిగినా కొట్టటం ఆ తండ్రికి అలవాటు. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఖలీఫా హోదాలో అదే లోయ గుండా వెళుతూ ఆయన ఆ రోజుల్ని తలచుకున్నారు. ఒకనాడు ఇక్కడ దెబ్బలు తిన్న తనకు, ఈ రోజు పైన అల్లాహ్ తప్ప మరెవరూ లేరు కదా అని వినమ్రులయ్యారు.

బాల్యంలో దెబ్బలు తిన్నవారిలో కొందరు పెద్దయ్యాక తామూ కొట్టడం నేర్చుకుంటారు. ఇస్లాం స్వీకరించక ముందు ఉమర్ (రజి) కూడా కఠినంగానే ఉండేవారు. కాని దైవప్రవక్త (స) సాహచర్యం ఆయన్ని మార్చివేసింది. ప్రవక్త (స) స్వయంగా అనాథ. పుట్టకముందే తండ్రి గతించారు, ఆరేళ్ళ వయసులో తల్లి కన్నుమూశారు. అనాథను ఆదరించేవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఈ శిక్షణలోనే ఉమర్ (రజి) హృదయం మెత్తబడింది.

ఆ మార్పు ఎంతటిదో ఒక సంఘటన తెలుపుతుంది. ఆయన ఒక వ్యక్తిని అధికారిగా నియమించదలిచారు. ఆ సమయంలో ఆయన ఒక పిల్లవాణ్ణి ముద్దాడుతుంటే ఆ వ్యక్తి ఆశ్చర్యపోయి, తనకు ఎందరో పిల్లలున్నా ఎవరినీ ఎప్పుడూ ముద్దుపెట్టుకోలేదని చెప్పాడు. వెంటనే ఉమర్ (రజి) ఆ నియామకాన్ని రద్దు చేసేశారు. కన్నబిడ్డల మీదే కనికరం లేనివాడు ప్రజల మీద ఏం కనికరం చూపుతాడన్నది ఆయన ఆలోచన.

ఒక పసివాడి ఏడుపు

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) తర్వాత ఆయన ఖలీఫా అయ్యారు. ప్రజలకు బైతుల్‌మాల్ నుంచి భృతి ఇచ్చే ఏర్పాటు చేశారు. పిల్లలకు కూడా భృతి ఉండేది. అయితే తల్లిపాలు మానిన పిల్లలకు మాత్రమే అది లభించేది.

ఒకసారి వర్తకుల బిడారు ఒకటి వచ్చి మదీనా పొలిమేరలో విడిది చేసింది. రాత్రివేళ వాళ్ళకు కాపలా కాయటానికి ఉమర్ (రజి) తన వెంట హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను తీసుకెళ్ళారు. ఇద్దరూ కాపలా కాస్తూ నమాజులు చేసుకుంటూ ఉండగా ఒక పసివాడి ఏడుపు వినిపించింది. ఉమర్ (రజి) వెళ్ళి, బిడ్డను సరిగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళి చెప్పారు. తెల్లవారుజామున కూడా ఏడుపు వినిపించేసరికి ఆయన ఆ తల్లిని మందలించారు. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. రాత్రంతా వచ్చి విసిగిస్తున్నావని ఆమె కూడా విసుక్కుంది. తాను బిడ్డకు పాలు మాన్పించే ప్రయత్నంలో ఉన్నాననీ, వాడు మానటం లేదనీ చెప్పింది. ఎందుకింత తొందర అంటే, పాలు మానిన పిల్లలకే ఉమర్ భృతి ఇస్తాడు కదా అంది. బిడ్డ వయసు చూస్తే ఇంకా కొన్ని నెలలే!

ఆ రోజు ఫజ్ర్ నమాజు చేయిస్తుంటే, కన్నీళ్ళ మూలంగా ఆయన ఖుర్ఆన్ పారాయణం వెనక ఉన్నవారికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు తర్వాత ఆయన తనను తానే నిందించుకున్నారు. తన మూలంగా ముస్లిముల పసిబిడ్డలు ఎందరు ప్రాణాలు కోల్పోయారోనని విలపించారు. వెంటనే చాటింపు వేయించారు. ఎవరూ తొందరపడి పిల్లలకు పాలు మాన్పించనవసరం లేదు, ఇకమీదట పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఉంటుందని ప్రకటించారు. రాష్ట్రాలన్నిటికీ ఇదే ఆజ్ఞ రాసి పంపారు. పుట్టగానే 100 దిర్హములు, కొంచెం ఎదిగాక 200 దిర్హములు చొప్పున భృతి నిర్ణయమయింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ పాత నిబంధన చెడు ఉద్దేశంతో పెట్టింది కాదు. పిల్లలకు మేలు చేయాలనే పెట్టారు. కాని అదే పేద తల్లి చేత బిడ్డ నోటి దగ్గరి పాలు లాగేయించింది. ఆయన మాత్రం తల్లిదే తప్పని తేల్చి ఇంటికి వెళ్ళిపోలేదు. కారణం అడిగారు. కారణం తన నిర్ణయంలోనే ఉందని తెలియగానే దాన్ని ఆ పూటే మార్చేశారు. పిల్లవాడు బడి మానేస్తే, ఇల్లు వదిలి పారిపోతే మనం ముందుగా వాణ్ణి, తర్వాత వాడి తల్లిని తిడతాం. ఎందుకని అడిగేవారు మనలో ఎందరు?

వదిలేసిన బిడ్డ ఎవరి బాధ్యత?

బనూ సులైమ్ తెగకు చెందిన సునైన్ అబూ జమీలా అనే ఆయనకు ఒకరోజు ఎవరో వదిలేసిపోయిన పసికందు దొరికింది. ఆ బిడ్డను ఖలీఫా దగ్గరికి తెచ్చారు. ఉమర్ (రజి) వెంటనే మెచ్చుకోలేదు. ఈ బిడ్డను ఎందుకు తీసుకున్నావని అడిగారు. దిక్కులేకుండా పడి ఉంటే తీసుకున్నానని ఆయన జవాబిచ్చారు. అయినా ఉమర్ (రజి) సందేహం తీరలేదు. అప్పుడు ఆ తెగ వ్యవహారాలు చూసే పెద్దమనిషి, ఈయన సజ్జనుడని సాక్ష్యం చెప్పాడు. ఆ తర్వాతే ఉమర్ (రజి) బిడ్డను ఆయనకు అప్పగించారు. ఈ బిడ్డ స్వతంత్రుడని, ఎవరికీ బానిస కాడని ప్రకటించారు. పోషణ ఖర్చు ప్రభుత్వానిదని చెప్పారు.

దొరికిన ప్రతి బిడ్డకూ ఆయన ఇలాంటి ఏర్పాటే చేసేవారు. పాలిచ్చే దాది ఖర్చు బైతుల్‌మాల్ నుంచే. పెంచేవారికి నెలనెలా ఆహార సామగ్రి అందేది. బిడ్డను బాగా చూసుకోమని తాకీదు కూడా చేసేవారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, బిడ్డ ఎవరికి పుట్టిందన్న విచారణ అక్కడ జరగలేదు. కన్నవారి తప్పుకు బిడ్డను నిందించలేదు. రెండవది, విచారణ జరిగింది పెంచటానికి ముందుకొచ్చిన మనిషి గురించి. సేవ చేస్తానన్నంత మాత్రాన ఎవరికిబడితే వారికి పిల్లల్ని అప్పగించకూడదు. వాళ్ళ నడవడి తెలిసినవారు సాక్ష్యమివ్వాలి. పిల్లలతో పనిచేసే ఏ సంస్థయినా ఈ జాగ్రత్త పాటించాలి. మనల్ని ఎవరైనా అలా విచారిస్తే అవమానంగా భావించకూడదు.

వీపు మీద పిండి మూట

ఒక చలి రాత్రి తన సేవకుడు అస్లమ్‌తో కలిసి ఉమర్ (రజి) మదీనా వెలుపల తిరుగుతున్నారు. దూరంగా మంట కనిపించింది. దగ్గరికి వెళితే ఒక స్త్రీ, చుట్టూ ఏడుస్తున్న పిల్లలు, పొయ్యి మీద కుండ. కుండలో ఉన్నది వట్టి నీళ్ళు. అన్నం ఉడుకుతోందన్న ఆశతో పిల్లలు నిద్రపోతారని ఆ తల్లి అలా చేస్తోంది. ఆమె కూడా ఆయన్ని గుర్తుపట్టలేదు. తమ సంగతి ఉమర్ పట్టించుకోలేదని, అల్లాహ్ సమక్షంలో తేల్చుకుంటానని అంది. మీ సంగతి ఉమర్‌కు ఎలా తెలుస్తుందని ఆయన అడిగితే, మా బాధ్యత నెత్తినెత్తుకుని మమ్మల్నే మరచిపోతే ఎలాగని నిలదీసింది.

ఉమర్ (రజి) పరుగున వెళ్ళి పిండి, కొవ్వు మూటగట్టి తన వీపుకెత్తమన్నారు. తాను మోస్తానని అస్లమ్ ఎంత అన్నా ఒప్పుకోలేదు. ప్రళయదినాన తన బరువును అతను మోయలేడు కదా అన్నారు. స్వయంగా పొయ్యి ఊదారు. గడ్డం లోంచి పొగ పైకి లేస్తుంటే అస్లమ్ చూస్తూ ఉండిపోయారు. పిల్లలు కడుపునిండా తిన్నాక కూడా ఆయన వెళ్ళిపోలేదు. కొంచెం దూరంలో కూర్చుని, వాళ్ళు ఆడుకుని, నవ్వి, నిద్రపోయేదాకా చూశారు. ఏడుపు చూసిన కళ్ళతో నవ్వు కూడా చూసి వెళ్ళాలనుకున్నారు.

మరోసారి బజారులో ఒక యువతి ఆయన్ని ఆపింది. భర్త చనిపోయాడు, పిల్లలు చాలా చిన్నవాళ్ళు, పొలం లేదు, పాడి లేదు. తాను ఖుఫాఫ్ బిన్ ఈమా గిఫారీ (రజి) కూతురినని, తండ్రి హుదైబియాలో ప్రవక్త (స) వెంట ఉన్నారని చెప్పింది. ఉమర్ (రజి) అక్కడే నిలబడి అంతా విన్నారు. బలమైన ఒంటె మీద రెండు గోతాల ఆహారం, ఖర్చులకు డబ్బు, బట్టలు వేయించి పగ్గం ఆమె చేతికిచ్చారు. చాలా ఎక్కువ ఇచ్చారని ఒకతను అంటే ఆయన కోప్పడ్డారు. ఆమె తండ్రి, సోదరుడు చేసిన త్యాగాలను గుర్తుచేశారు. ఆయన దృష్టిలో అది భిక్ష కాదు, ఆమె హక్కు.

అనాథల ఆస్తి విషయంలోనూ ఆయన ముందుచూపు చూపారు. దాన్ని ఊరకే దాచిపెడితే ఏటా జకాత్‌తోనే కరిగిపోతుందని, వ్యాపారంలో పెట్టి పెంచమని సంరక్షకులకు చెప్పేవారు. బైతుల్‌మాల్ విషయంలో తనను తాను అనాథ ఆస్తికి సంరక్షకుడితో పోల్చుకున్నారు. దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో చెప్పినట్టు, కలిగి ఉంటే ముట్టకూడదు, లేనప్పుడు ధర్మసమ్మతంగా కొంచెమే తీసుకోవాలి. అంతే!

చివరి రోజులు

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో ఫజ్ర్ నమాజులో ఆయనపై కత్తితో దాడి జరిగింది. కొద్దిరోజుల్లోనే అమరులయ్యారు. దాడికి నాలుగు రోజుల ముందు కూడా ఆయన ధ్యాస ఇరాఖ్ వితంతువుల మీదే ఉంది. తాను బతికుంటే వాళ్ళకు ఇక ఎవరి ముందూ చేయి చాచవలసిన అవసరం లేకుండా చేస్తానన్నారు. ఆ అవకాశం రాలేదు. కాని ఆయన ఇంట్లో ఆ గుణం నిలిచింది. కుమారుడు హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తన పళ్ళెం దగ్గర ఒక అనాథ లేకుండా భోజనం చేసేవారు కాదు.

మరి మనం? ఖలీఫా చేసినంత మనం చేయలేకపోవచ్చు. వారానికి ఒక గంట మన వీధిలోని తండ్రిలేని పిల్లవాడికి చదువు చెప్పగలం. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడి ఇంటికెళ్ళి, బడి ఎందుకు మానాడో అడగగలం. రైల్వే స్టేషన్‌లోనో బస్టాండులోనో ఒంటరి బిడ్డ కనిపిస్తే చూసీచూడనట్టు వెళ్ళకుండా 1098కి ఫోన్ చేయగలం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి బిడ్డ గురించి 24 గంటల్లోగా చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో తెలియజేయాలి. జాలిపడి మన ఇంట్లోనే ఉంచేసుకోవటం సరికాదు. అబూ జమీలా కూడా బిడ్డను నేరుగా ఖలీఫా ముందుకే తెచ్చారని మరువరాదు.

ఏడుపు వినిపించినప్పుడు లేచి వెళ్ళే మనసును, వెళ్ళిన తర్వాత నవ్వు చూసేదాకా ఆగే ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.