బెర్తమ్మ చేయించిన తోలు బ్రేకు

పోయిన దసరాకి భూపాలపల్లిలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళాం. వాళ్ళ ఇంటి ముందు రోడ్డు కాస్త ఏటవాలుగా ఉంటుంది. మావారు కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, సామాన్లు దించుతున్నారు. ఉన్నట్టుండి కారు మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. వెనకాల అక్కయ్య చిన్నకూతురు ఆడుకుంటోంది! బావగారు ఒక్క ఉదుటున పిల్లను లాగేసి, చక్రం కింద రాయి పెట్టారు కాబట్టి సరిపోయింది.

తిరిగి వస్తూ మానుకోటలో మా ఆడపడుచు ఇంట్లో దిగినప్పుడు మెకానిక్కుకి చూపిస్తే, బ్రేకు వైరు సాగిపోయిందన్నాడు. నిజానికి ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఇదివరకు నాలుగైదు టిక్కులకే గట్టిపడే బ్రేకు, ఈ మధ్య తొమ్మిదికి గానీ ఆగడం లేదు. పక్క సీట్లో కూర్చుని విన్నాను. కార్ల గొడవ మనకెందుకులే అని ఊరుకున్నాను.

జనగామకొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీ రోజుల్లో లైబ్రరీలో చదివిన బెర్తా బెంజ్ గుర్తొచ్చింది.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్‌లో పుట్టింది. కార్ల్ బెంజ్‌తో పెళ్ళి 1872లో. అంతకు ముందే తన కట్నం డబ్బు తెప్పించి, అతని వర్క్‌షాపు భాగస్వామి చేతిలోకి పోకుండా కాపాడింది. 1886లో మోటారు బండికి పేటెంటు వచ్చింది, భర్త పేరు మీద. బండి తయారైంది గానీ కొనే నాథుడు లేడు. దాన్ని నమ్మి దూరం వెళ్ళేవారేరీ?

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు. మన జనగామ నుంచి భూపాలపల్లికి ఇంచుమించు అంత దూరం! పెట్రోలు బంకులెక్కడివి? వీస్‌లోహ్‌లో మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు. పల్లం వస్తే అసలు భయం. చెక్క బ్రేకులు అరిగిపోతున్నాయి. ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. దారిలో చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగుకి అదే మొదలంటారు. ఇంటికొచ్చాక, ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని కూడా భర్తకు చెప్పింది.

1944లో, తొంభై ఐదో పుట్టినరోజున, కార్ల్ చదివిన కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయం ఆవిడను గౌరవ సెనేటర్‌ని చేసింది. రెండు రోజులకే కన్నుమూసింది.

ఇప్పుడు మేం కొత్త కారు చూస్తున్నాం. అందులో హ్యాండ్‌బ్రేకు కర్ర లేదు, మీట ఉంది. 2001లో ఖరీదైన కారులో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు మామూలు కార్లకూ దిగింది. మీట తాకితే చిన్న మోటారు వెనక చక్రాలను బిగిస్తుంది. చాలావాటిలో సాగడానికి వైరే ఉండదు. కొన్ని కార్లలో ఇంజను ఆపగానే తనంతట తనే పడుతుంది. మతిమరుపు వాళ్ళకి వరమే. కానీ బ్యాటరీ అయిపోతే, వేసిన బ్రేకు ఊడదు, వేయనిది పడదు. కర్ర వదులైతే చేతికి తెలుస్తుంది. మీట చెడితే డాష్‌బోర్డు మీద దీపం ఒక్కటే చెబుతుంది. ఆ దీపాన్ని పట్టించుకోకపోతే? నా తొమ్మిది టిక్కుల కథే!

కాబట్టి ఏ బ్రేకైనా సరే, వాలులో ఆపితే గేరులో ఉంచమనండి, చక్రం కింద రాయి పెట్టించండి. డ్రైవింగ్ రాకపోతేనేం, మనకు చెవులున్నాయి, కళ్ళున్నాయి. నేనైతే ఇప్పుడు టిక్కులు పైకే లెక్కపెడుతున్నాను. మావారు నవ్వుకుంటే నవ్వుకోనీండి!