అలన్ బ్లుమ్‌లైన్

రెండు వాల్వులకు ఒకే తోక తగిలించి, రొదను అణచి సంగతిని మాత్రము వినిపింపజేసిన ఇంజనీరు అలన్ డవర్ బ్లుమ్‌లైన్. ఆయన 1903 జూన్ 29న లండనులోని హాంప్‌స్టెడ్‌లో జన్మించినాడు. తండ్రి జర్మనీనుండి వచ్చి బ్రిటిషు పౌరుడైనవాడు. తల్లి దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఒక స్కాట్లండు మిషనరీ కుమార్తె. ఏడేండ్ల ప్రాయమున ఇంటి తలుపుగంట చెడిపోగా తానే బాగుచేసి, తండ్రికి బిల్లు వ్రాసి యిచ్చినాడట! ఆ బిల్లుపై తన పేరు ప్రక్కన ఎలక్ట్రికల్ ఇంజనీరను హోదాను గూడ చేర్చుకొన్నాడని చెప్పుదురు.

చదువు ముగిసిన పిమ్మట టెలిఫోను తీగెల పనిలో కొన్నాళ్లు గడిపి, 1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరినాడు. విద్యుత్తుతో రికార్డులు కోయు పద్ధతిపై హక్కులు అమెరికావారివి. ప్రతి రికార్డుకు వారికి సుంకము చెల్లింపవలసి వచ్చుచుండెను. ఆ హక్కుల జోలికి పోకుండ, అంతకంటె మేలైన కోతయంత్రమును బ్లుమ్‌లైన్ నిర్మించినాడు. 1931లో ఆ కంపెనీ ఇ.ఎం.ఐ.లో కలిసిపోయినది. ఆ యేడే, తాను పెండ్లాడబోవు డోరీన్‌తో సినిమాకు పోగా, తెరపై నటుడు ఒక ప్రక్కన నిలిచియుండ మాట మరొక చోటునుండి వినవచ్చుట ఆయనకు రుచింపలేదు. డిసెంబరు 14న ఆయన దాఖలు చేసిన పేటెంటే స్టీరియో ధ్వనికి పునాది. ఒకే గాడి రెండు గోడలపై రెండు ధ్వనులను చెక్కు ఉపాయము అందులోనే యున్నది.

కాని వాల్వు ఆంప్లిఫయర్లతో పరిచయమున్నవారు ఆయనను ఎక్కువగా తలచుకొనునది 1936 నాటి మరొక పేటెంటు మూలమున. టెలివిజను బొమ్మలను లండను నడిబొడ్డునుండి అలెగ్జాండ్రా పేలెస్ ప్రసారకేంద్రమునకు పొడవైన జంట తీగెలపై పంపవలసి వచ్చినది. దారి పొడుగున తీగెలు బయటి రొదను పట్టుకొనును. అయితే ఆ రొద రెండు తీగెలపైనను ఒకే తీరుగ నుండును. బొమ్మ సంకేతము మాత్రము ఒకదానిపై పెరిగినపుడు రెండవదానిపై తరుగును. ఈ భేదమునే బ్లుమ్‌లైన్ పట్టుకొన్నాడు. రెండు వాల్వుల కేథోడులను ఒకచోట కలిపి, అక్కడినుండి ఒకే పెద్ద నిరోధకమును తోకవలె వ్రేలాడదీసినాడు. ఒకే తూమునుండి రెండు పిల్లకాలువలు చీలిన తీరిది. తూము వదలు నీరు మారదు. ఒక కాలువ ఎక్కువ తీసికొన్నచో రెండవదానికి తగ్గును. రెండును ఒక్కసారే ఎక్కువ కోరినచో ఏదియు దక్కదు. ఆ విధముగా రొద అణగిపోయి, భేదము మాత్రము పైకి వచ్చును. దీనికే పొడుగుతోక జంటయని పేరు.

తోక ఎంత పెద్దదైన అంత మేలు. కాని లక్ష ఓముల నిరోధకముగుండ పది మిల్లీ ఆంపియర్లు పారవలెనన్న వేయి వోల్టులు కావలెను! అందుచేత తరువాతివారు నిరోధకమునకు బదులు, తక్కువ వోల్టులతోనే ప్రవాహమును మారకుండ నిలుపు మరొక వాల్వునో, ట్రాన్సిస్టరునో అక్కడ చేర్చిరి. నేడు ఇట్టి ఆంప్లిఫయరుకు సర్క్యూటు బోర్డు గీయువారు రెండు వాల్వులను సరిసమానముగ అమర్చి, కేథోడులు కలియుచోటికి ఆ భాగమును దగ్గరగా నుంచి, వాల్వులను వేడిచేయు తీగెలను దానికి దూరముగ నడుపుదురు. ఎడమ కుడి సరితూగకున్నచో తోక ఉండియు ప్రయోజనము తక్కువే.

యుద్ధము వచ్చినది. చీకటిలోను మబ్బులలోను విమానమునుండి నేలను చూపు రాడారు పనిలో బ్లుమ్‌లైన్ ప్రవేశించినాడు. 1942 జూన్ 7న దానిని పరీక్షించుటకై ఎక్కిన హాలిఫాక్స్ విమానము ఇంజనులో మంటలు లేచి, వెల్ష్ బిక్‌నర్ చెంత కూలిపోయినది. అందున్న పదునొకండుగురును మరణించిరి; ఇ.ఎం.ఐ. సహచరులు బ్రౌన్, బ్లైథెన్ కూడ వారిలోనివారే. ఇంజనులోని వాల్వు నడుపు ఒక చిన్న నట్టును తగినంత బిగింపకుండుటయే కారణమని విచారణలో తేలినది. అదియు వాల్వే, కాని రేడియో వాల్వు కాదు.

ఆయనకు ముప్పది తొమ్మిదవ యేడు నిండుటకు ఇంక మూడు వారములున్నవి. అప్పటికి ఆయన పేర 128 పేటెంట్లు. రాడారు రహస్యము బయటపడరాదని ఆ మరణవార్తను చాటలేదు. డోరీన్, ఇద్దరు చిన్న కుమారులు మిగిలిరి. ఒకే గాడిలో రెండు ధ్వనులు గల రికార్డులు అంగళ్ళలో పరచుకొన్నది 1958లో, ఆయన పోయిన పదహారేండ్లకు.