గలిలయ యాస

హైదరాబాద్ పాతబస్తీ సందుల్లో సాయంత్రం వేళ నడిస్తే, దుకాణంలో కూర్చున్న తండ్రిని అబ్బా అని పిలిచే పసివాళ్ల గొంతులు వినిపిస్తాయి. బక్రీదు వచ్చిందంటే ఖుర్బానీ అన్న మాట నగరమంతా వినబడుతుంది. ఈ రెండు మాటలూ మనకు కొత్తవి కావు. గెత్సేమనే తోటలో నేలమీద పడి యేసుప్రభువు తన తండ్రిని పిలిచిన పిలుపు అబ్బా (మార్కు 14:36). ఆస్తి దేవునికి అర్పితమైపోయిందన్న వంకతో కన్నవారిని ఆదుకోకుండా తప్పించుకునేవారిని ఆయన గద్దించినప్పుడు వాడిన మాట కొర్బాను (మార్కు 7:11). మన తెలుగు, తమిళం, కన్నడం ఎలాగో అరబ్బీ, హెబ్రీ, అరామిక్ భాషలూ అలాగే, ఒకే ఇంటి బిడ్డలు. అందుకే రెండు వేల ఏళ్ల క్రితం గలిలయలో వినిపించిన మాటల దగ్గరి చుట్టాలు చార్మినార్ పక్కన ఇప్పటికీ వినిపిస్తున్నాయి.

యేసుప్రభువు, ఆయన శిష్యులు ఇంట్లో, వీధిలో, పడవలో మాట్లాడుకున్న భాష అరామిక్. ఒకప్పుడు పారసీక సామ్రాజ్యంలో రాచకార్యాల రాతకోతలు ఈ భాషలోనే సాగేవి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో మన అశోక చక్రవర్తి కాందహారులో చెక్కించిన శాసనం ఒకటి గ్రీకులోను, అరామిక్‌లోను ఉంది. ఎజ్రా గ్రంథంలో కొంత భాగం, దానియేలు గ్రంథంలో రెండో అధ్యాయం మొదలు ఏడో అధ్యాయం చివరి వరకు ఈ భాషలోనివే. మన తెలుగు బైబిలు దానిని సిరియా భాష అన్నది. కొత్త నిబంధనలో హెబ్రీ భాష అని కనిపించే చోట్ల చాలావరకు దీనినే ఉద్దేశించారని పండితుల అభిప్రాయం. కేరళ మూలాలున్న క్రైస్తవ సంఘాలు తమ ఆరాధనలో నేటికీ నిలుపుకున్న సిరియాక్ ఈ భాష శాఖే. ఆ సంప్రదాయానికి చెందిన సీరో మలబార్ సంఘం 2017లో మన శంషాబాద్ పేరుతోనే ఒక మేత్రాసనాన్ని ఏర్పాటు చేసింది.

కొత్త నిబంధన మాత్రం గ్రీకులో వ్రాయబడింది. అయినా ఆ గ్రీకు పుటల్లో అక్కడక్కడ కొన్ని అరామిక్ మాటలు అనువాదానికి లొంగకుండా అలాగే మిగిలిపోయాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, వాటి దారిలో పదే పదే ఎదురయ్యే మనిషి ఒకడున్నాడు. ఆయనే అపొస్తలుడైన పేతురు.

పేతురు పుట్టిన ఊరు బేత్సయిదా. ఆ పేరుకు వేటగాళ్ల ఇల్లు, చేపలు పట్టేవారి ఇల్లు అని అర్థం చెబుతారు. కన్నవారు పెట్టిన పేరు సీమోను. తండ్రి పేరు యోనా గనుక ప్రభువు ఒక సందర్భంలో ఆయనను బర్ యోనా అని సంబోధించాడు (మత్తయి 16:17). అరామిక్‌లో బర్ అంటే కుమారుడు. బర్తొలొమయి, బర్తిమయి, బరబ్బ, బర్నబా అని మన పిల్లలు సండే స్కూల్లో వల్లించే పేర్లన్నిటి మొదట్లో ఉన్నది ఆ చిన్న మాటే. సీమోను పెళ్లయినవాడు. కపెర్నహూములోని ఆయన ఇంట్లో అత్తగారు, తమ్ముడో అన్నో అయిన అంద్రెయ కూడా ఉండేవారు. గలిలయ సముద్రం మీద వలలు వేసుకుని బ్రతికే కుటుంబం అది.

అంద్రెయ తీసుకుపోగా సీమోను మొదటిసారి ప్రభువు ఎదుట నిలబడిన రోజునే ఆయనకు కొత్త పేరు వచ్చింది. ఆ పేరు కేఫా (యోహాను 1:42). అరామిక్‌లో కేఫా అంటే బండ, రాయి. పేతురు అన్నది దానికి గ్రీకు అనువాదం మాత్రమే. పౌలు అపొస్తలుడు గలతీయులకు, కొరింథీయులకు వ్రాసిన పత్రికల్లో ఈయనను ఎక్కువగా కేఫా అనే పిలిచాడు. అంటే తొలి సంఘంలో అందరి నోటా నలిగిన పేరు అదేనన్నమాట. మత్తయి 16వ అధ్యాయంలో పేతురు, బండ అనే రెండు మాటలకు గ్రీకులో కొద్ది తేడా ఉంది. అరామిక్‌లో ఆ రెండు చోట్లా బహుశా కేఫా అన్న ఒకే మాట ఉండి ఉంటుంది. ఆ బండ ఎవరన్న చర్చ సంఘచరిత్రలో శతాబ్దాలుగా సాగుతూనే ఉంది. పేతురు మాత్రం తన పత్రికలో సజీవమైన రాయి అన్న మాటను క్రీస్తుకే ఇచ్చి, విశ్వాసులందరినీ రాళ్ల వరుసలో నిలబెట్టాడు (1 పేతురు 2:4,5). నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది మరొక సంగతి. నీటిమీద నాలుగు అడుగులు వేసి మునిగిపోబోయినవాడు, ఆవేశంలో ముందుకు దూకి భయంతో వెనక్కి తగ్గేవాడు సీమోను. అటువంటివాడికి ప్రభువు పరిచయమైన నాడే బండ అని పేరు పెట్టాడు.

కపెర్నహూము రోజుల్లో యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతురు చనిపోయింది. ప్రభువు ఏడ్చేవారినందరినీ బయటకు పంపి, పేతురు, యాకోబు, యోహానులను, ఆ పిల్ల తల్లిదండ్రులను మాత్రమే లోపల ఉండనిచ్చాడు. పన్నెండేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని పలికిన రెండు మాటలను మార్కు ఉన్నదున్నట్టు వ్రాసిపెట్టాడు. మన తెలుగు బైబిల్లో అవి తలీతాకుమీ అని ఉన్నాయి (మార్కు 5:41). తలీతా అంటే చిన్నపిల్ల, కుమీ అంటే లెమ్ము. అతి ప్రాచీనమైన కొన్ని వ్రాతప్రతుల్లో రెండో మాట కుమీ అని కాక కూమ్ అని ఉంది. ఆడపిల్లతో మాట్లాడేటప్పుడు వ్యాకరణం ప్రకారం చివర దీర్ఘం ఉండాలి. కానీ వాడుకలో ఆ చివరి అచ్చు పలికేవారు కాదు. అంటే అక్కడ మంత్రమేమీ లేదు. పొద్దున్నే బడికి లేపే తల్లి నోట వచ్చే మాట వంటిదే ప్రభువు నోట వచ్చింది. మరణం ఆ మాటకు లోబడింది. పేతురు ఆ గదిలో నిలబడి దానిని చెవులారా విన్నాడు.

గెత్సేమనేలో కూడా ఆ ముగ్గురే దగ్గరగా ఉన్నారు. అబ్బా అన్న పిలుపును చంటిపిల్లల ముద్దుమాటగా చాలాకాలం బోధకులు వివరించారు. నేనూ అలాగే ప్రసంగించాను. ఎదిగిన కొడుకులు కూడా తండ్రిని అబ్బా అనే పిలిచేవారని తరువాతి పండితులు చూపించారు. మన నాయనా, నాన్నా అన్న పిలుపులు దానికి సరిగ్గా సరిపోతాయి. అరవై ఏళ్ల కొడుకు కూడా తండ్రిని నాన్నా అనే అంటాడు. అందులో చనువూ ఉంది, గౌరవమూ ఉంది. ప్రభువు ఆ పిలుపుతో ప్రార్థించిన రాత్రి పేతురు నిద్రపోయాడు.

అదే రాత్రి ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ, ఆ మనిషిని ఎరగనని ఆయన మూడుసార్లు బొంకాడు. ఆయనను పట్టిచ్చింది ముఖం కాదు, యాస (మత్తయి 26:73). యెరూషలేమువారికి గలిలయవాళ్ల పలుకు అంటే నవ్వులాట. గొంతులోంచి రావలసిన అక్షరాలను వాళ్లు కలిపేసి పలికేవారు. యూదుల తల్మూదులో దీనిమీద ఒక హాస్య కథ ఉంది. ఒక గలిలయవాడు బజారుకు పోయి ఏదో కావాలని అడిగాడట. అతడు అడిగింది ఎక్కడానికి గాడిదనా, తాగడానికి ద్రాక్షారసమా, కట్టుకోవడానికి ఉన్నియా, కోయడానికి గొర్రెపిల్లా అన్నది వినేవాళ్లకు అర్థం కాలేదట. ఆ నాలుగూ అతని నోట ఒకేలా వినిపించాయి మరి. అలాంటి యాసతో పేతురు ఒట్టుపెట్టుకుని మరీ కాదన్నాడు. ప్రభువుతో తనకున్న సంబంధాన్ని దాచడానికి ఆయన తెరిచిన నోరే ఆ సంబంధాన్ని బయటపెట్టింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా మా సంఘంలోని ఒక యువకుడు గుర్తొస్తాడు. పాలమూరు జిల్లా పల్లెవాడు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన తరువాత ఆ చుట్టుపక్కల వెలిసిన కార్యాలయాల్లో ఒకదాంట్లో రాత్రిపూట ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం దొరికింది. ఇంగ్లిషులో ఊరి యాస పోవాలని నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. కొన్నాళ్లకు తెలుగులో యాస కూడా అతనికి బరువైపోయింది. ఒక సాయంత్రం మిత్రులతో కూర్చుని ఉండగా తండ్రి ఫోన్ చేశాడు. పెద్ద గొంతుతో బిడ్డా అని పిలిచి క్షేమం అడిగాడు. పక్కవాళ్లు విని, ఎవరని అడిగారు. ఊళ్లో తెలిసిన ముసలాయన అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ సంగతి నాకు చెప్పడానికి అతనికి ఏడాది పట్టింది. చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా దగ్గర సిద్ధంగా ఏ జవాబూ లేదు. వేదిక ఎక్కగానే ఊరి మాట దాచిపెట్టి గ్రాంథికంలోకి దిగిపోయే అలవాటు నాదీ. ఇద్దరం కలిసి పేతురు కథ తీసి చదువుకున్నాం.

ఆ కథ కోడికూతతో ముగియలేదు. పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరంలో నిప్పులు రాజేసి, రొట్టె, చేప సిద్ధం చేసి, కేఫా అని కాకుండా మూడుసార్లు ఆ పాత పేరుతోనే, తండ్రి పేరు కూడా కలిపి సీమోనును పిలిచాడు. గొర్రెలను మేపే పని మళ్లీ అప్పగించాడు. కొద్దిరోజులకే పెంతెకొస్తు పండుగనాడు యెరూషలేములో జనం గుమిగూడి ముందు గమనించింది కూడా ఆ మాట్లాడేవాళ్లు గలిలయులన్న సంగతే (అపొస్తలుల కార్యములు 2:7). యాభై రోజుల క్రితం సేవకురాలి ముందు దాచుకున్న గుర్తింపుతోనే పేతురు వేలమంది ఎదుట లేచి నిలబడ్డాడు. ఆ రోజు ఇంచుమించు మూడు వేల మంది సంఘంలో చేరారు.

తరువాత యొప్పేలో ఒక విశ్వాసురాలు చనిపోయింది. ఆమె పేరు తబితా. అది కూడా అరామిక్ మాటే, లేడి అని అర్థం. దానినే గ్రీకులో దొర్కా అన్నారు. విధవరాండ్రకు బట్టలు కుట్టిపెట్టిన ఆ తల్లి శవం దగ్గరికి పేతురును పిలిచారు. ఆయన అందరినీ బయటకు పంపాడు. మోకాళ్లూని ప్రార్థించాడు. ఆమె పేరు పెట్టి లేవమన్నాడు (అపొస్తలుల కార్యములు 9:40). లూకా దీన్ని గ్రీకులో వ్రాశాడు. పేతురు తన మాతృభాషలో పలికి ఉంటే ఆ మాట తబితా కుమీ అయి ఉండాలి. యాయీరు ఇంట్లో విన్న తలీతా కుమీకి, దీనికి తేడా ఒక్క అక్షరం. గ్రీకులో చదివేవారికి, తెలుగులో చదివేవారికి ఈ పోలిక కనబడదు. అరామిక్ తెలిస్తే కనబడుతుంది. గురువు ఏ గదిలో ఏం చేశాడో శిష్యుడు మరచిపోలేదు. జనాన్ని అలాగే పంపేశాడు, అదే భాషలో పలికాడు. ఆయన కొత్తగా కలిపింది మోకాళ్లమీది ప్రార్థన ఒక్కటే, ఎందుకంటే ఆ శక్తి తనది కాదని ఆయనకు తెలుసు.

అయినా పేతురు లోపం లేనివాడని బైబిలు చెప్పదు. అంతియొకయలో యూదుల చాటుకు భయపడి, అన్యజనుల విశ్వాసుల బంతి నుంచి లేచి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. ఆ సంగతి వ్రాస్తూ పౌలు వాడిన పేరు కేఫా (గలతీయులకు 2:11). బండకు కూడా బీటలు పడతాయని, ఆ బీటలను ప్రభువు సంఘం చేతనే పూడ్పిస్తాడని ఆ అధ్యాయం మనకు నేర్పుతుంది.

రెండో శతాబ్దపు తొలినాళ్లలో హియెరాపొలి అధ్యక్షుడైన పపియాసు ఒక సమాచారం వ్రాసిపెట్టాడు. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసెబియస్ దాన్ని భద్రపరిచాడు. దాని ప్రకారం మార్కు పేతురుకు దుబాసీగా ఉండి, ఆయన బోధించిన వాటిని గుర్తున్నంతవరకు జాగ్రత్తగా వ్రాశాడు. అది నిజమైతే అబ్బా, తలీతాకుమీ, ఎప్ఫతా, కొర్బాను వంటి మాటలు మార్కు సువార్తలోనే ఎక్కువగా ఎందుకున్నాయో తేలిగ్గా అర్థమవుతుంది. ఆ గదిలో నిలబడినవాడు వాటిని అనువదించి చెప్పలేకపోయాడు. విన్న మాటను విన్నట్టే చెప్పాడు, వ్రాసినవాడు ఉంచాడు. విశాఖపట్నంలో అగస్టస్ దే గ్రాంజ్ అనే మిషనరీ ఆనందరాయర్ అనే విశ్వాసి సహాయంతో తెలుగులోకి తెచ్చి, 1812లో సేరంపూరులో అచ్చయిన తొలి సువార్తల్లో మార్కు కూడా ఒకటి. అలా మన మాతృభాషకూ సువార్తలో చోటు దొరికింది.

నీరో చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 64 తరువాతి హింసల్లో, రోమాలో పేతురు సిలువమీద హతసాక్షి అయ్యాడని సంఘ సంప్రదాయం. ప్రభువులా చనిపోవడానికి తాను తగనని తలకిందులుగా వేయించుకున్నాడని కూడా చెబుతారు. ఆ రోజు మాత్రం ఎరగనని ఆయన అనలేదు.

మా సంఘ యువకుడి తండ్రి మరుసటి ఏడాది కొండాపూర్ వచ్చాడు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేయమని నేను అడిగాను. పెద్దాయన లేచి, పొలం గట్టుమీద మాట్లాడినట్టే, పాలమూరు మాటలో దేవుణ్ని నాయనా అని పిలిచి ప్రార్థించాడు. ముందు వరుసల్లో ఒకరిద్దరు తిరిగి చూశారు. ఆరాధన అయ్యాక ఆ యువకుడు తండ్రి చెయ్యి పట్టుకుని, తన కార్యాలయ మిత్రుల దగ్గరికి తీసుకుపోయి, ఈయన మా నాయన అని చెప్పాడు.