చాపకూడు పెట్టిన మంత్రి – పల్నాటి బ్రహ్మనాయుడు

పల్నాడు అనగానే అందరికీ కోడిపందెం, కత్తులు, యుద్ధమే గుర్తొస్తాయి. ఆ రోజుల్లోనే అన్ని కులాలవాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన మంత్రి ఒకాయన ఉన్నాడు. ఆయనే బ్రహ్మనాయుడు. మాచర్ల, గురజాల, కారంపూడి ఆయన తిరిగిన ఊళ్ళే. పేరు మనందరికీ తెలుసు. కాని ఆయన చేసిన పని ఎంత కష్టమైందో చాలామందిమి ఆలోచించం. అందుకే ఈసారి గోడపత్రికలో ఆయన జీవితం రాస్తున్నాను.

కథ ఎలా నిలిచింది?

బ్రహ్మనాయుడు 12వ శతాబ్దం వాడు. అంటే ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. 15వ శతాబ్దంలో శ్రీనాథ మహాకవి పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాశాడని చెప్తారు. అంతకన్నా ఎక్కువగా ఈ కథను నోటితో పాడి కాపాడినవాళ్ళు వీరవిద్యావంతులు. ఈ గాయకులు మాల కులంవాళ్ళు. బ్రహ్మనాయుడు ఎవరిని దగ్గరకు తీశాడో వాళ్ళే ఆయన పేరును ఇన్ని తరాలు మోసుకొచ్చారు. పాడే కథ కాబట్టి అందులో అతిశయోక్తులు ఉంటాయి. అయినా జనం ఆయన్ని దేనికి గుర్తు పెట్టుకున్నారో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

మంత్రి పదవి

బ్రహ్మనాయుడు రేచెర్ల వెలమ కుటుంబంలో పుట్టాడు. తండ్రి దొడ్డనాయుడు. పల్నాటిని ఏలిన అనుగురాజు చనిపోయాక పెద్దకొడుకు నలగామరాజు గురజాలలో రాజయ్యాడు. బ్రహ్మనాయుడు ఆయనకు మంత్రి. తర్వాత జిట్టగామాలపాడు నుంచి వచ్చిన నాగమ్మ రాజు దగ్గర పలుకుబడి సంపాదించి మంత్రి అయింది. అన్నదమ్ముల మధ్య చీలిక వచ్చింది. నలగాముడికి గురజాల, తమ్ముడు మలిదేవరాజుకి మాచర్ల వచ్చాయి. బ్రహ్మనాయుడు మలిదేవుడి వెంట మాచర్ల వచ్చేశాడు.

కథల్లో నాగమ్మను చెడ్డదానిగానే చూపిస్తారు. కాని ఆ కాలంలో ఒక ఆడమనిషి మంత్రి అయి రాజ్యం నడిపిందంటే ఆమె తెలివి తక్కువదేం కాదు. ఈ మాట కూడా ఒప్పుకోవాలి.

చాపకూడు

ఆ రోజుల్లో ఒక కులంవాళ్ళు ఇంకో కులంవాళ్ళ పక్కన కూర్చుని తినేవాళ్ళు కాదు. కొందరిని గుడి దరిదాపులకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. బ్రహ్మనాయుడు చెన్నకేశవస్వామి భక్తుడు. మాచర్లలో చంద్రవంక వాగు పక్కన ఉన్న గుడి ఆ స్వామిదే. ఆయన అన్ని కులాలవాళ్ళకీ గుడి తలుపులు తెరిచాడని, పెద్ద చాప పరిపించి అందరికీ ఒకే పంక్తిలో భోజనం పెట్టించాడని కథ చెప్తుంది. దాన్నే చాపకూడు అంటారు.

ఒకపూట కలిసి తినడం ఎవరైనా చేస్తారు. బ్రహ్మనాయుడు అక్కడితో ఆగలేదు. మాల కులానికి చెందిన కన్నమదాసుని కొడుకుగా పెంచి, తన సైన్యానికి సేనాపతిని చేశాడు. అంటే పెద్ద కులాల వీరులంతా కన్నమదాసు ఆజ్ఞ వినాలి. ఇది చిన్న విషయమా? కులం చెడగొడుతున్నాడని శత్రువులు ప్రచారం చేశారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆయన కొడుకు బాలచంద్రుడు కూడా వేరువేరు కులాల పిల్లల్ని తమ్ముళ్ళుగా చేసుకుని పెరిగాడు. ఇంట్లో చూసిందే పిల్లలు నేర్చుకుంటారు.

కోడిపోరు, యుద్ధం

బ్రహ్మనాయుడు చేసినవన్నీ మంచి పనులే అనలేం. నాగమ్మ పందెం అంటే ఆయనా సరేనన్నాడు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలని షరతు. ఆయన కోడి చిట్టిమల్లు ఓడింది. మోసం జరిగిందని కథకులు అంటారు. మోసమే కావచ్చు, కాని వేలమంది బతుకుల్ని రెండు కోళ్ళ మీద పెట్టడం నాయకుడు చేయాల్సిన పని కాదు. అయితే ఓడాక మాత్రం మాట తప్పలేదు. మలిదేవుడితో, తనవాళ్ళందరితో ఏడేళ్ళు బయట కష్టపడ్డాడు.

గడువు తీరాక మాచర్ల తిరిగి ఇవ్వమని అలరాజుని రాయబారం పంపారు. అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. గురజాల వాళ్ళు రాజ్యం ఇవ్వలేదు. అలరాజుని దారిలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపించారు. ఇక యుద్ధం ఆగలేదు. 1180 ప్రాంతంలో కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అన్నదమ్ముల సైన్యాలు కొట్టుకున్నాయి. బాలచంద్రుడు చిన్న వయసులోనే చనిపోయాడు. రెండు వైపులా వీరులంతా పోయారు. గెలిచినవాళ్ళకి కూడా మిగిలింది ఏడుపే.

చివరికి బ్రహ్మనాయుడు నాగమ్మను చంపకుండా వదిలేశాడని, రాజ్యం నలగాముడికే అప్పగించాడని చెప్తారు. తర్వాత పిడుగురాళ్ళ దగ్గరున్న గుత్తికొండ బిలంలోకి తపస్సుకి వెళ్ళిపోయాడని, ఇంకా అక్కడే ఉన్నాడని జనం నమ్మకం. కారంపూడి వీరుల గుడి దగ్గర ప్రతి ఏడూ కార్తీకమాసంలో అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. అందులో మందపోరు రోజున ఇప్పటికీ చాపకూడు పెడతారు.

మనం నేర్చుకోవాల్సినవి

1. కలిసి కూర్చోవడమే కాదు, బాధ్యత కూడా పంచాలి. లీడరు పోస్టు ఎప్పుడూ ఒకే తండా వాళ్ళకి రాకూడదు.

2. మంచి పని చేస్తే తిట్టేవాళ్ళు ఉంటారు. అయినా మానకూడదు.

3. ఇచ్చిన మాట నష్టం వచ్చినా నిలబెట్టుకోవాలి.

4. పంతానికి పోతే మనతోపాటు మనల్ని నమ్మినవాళ్ళు కూడా నష్టపోతారు.

మిత్రులారా, మన మెస్‌లో చూడండి. సుగాలీలం ఒక వరస, ఎరుకల వాళ్ళు ఒక వరస, యానాది పిల్లలు ఇంకో వరస. చెంచు గూడేల నుంచి వచ్చిన చిన్నపిల్లలు చివర గోడ పక్కన కూర్చుని తింటారు. కూర వాళ్ళ దగ్గరకి వచ్చేసరికి నీళ్ళే మిగులుతాయి. జూన్‌లో చేరిన 5వ తరగతి పిల్లల్లో ఇద్దరు దసరా సెలవులకి పోయి మళ్ళీ రాలేదు. చదువు రాక మానేశారని అనుకున్నాం. పక్కన కూర్చునేవాడు లేక కూడా మానేసి ఉండొచ్చు కదా!

వార్డెన్ సార్లకి ఒక మనవి. కార్తీక అమావాస్య వరకు ఆగక్కర్లేదు. ఈ ఆదివారం నుంచే రోల్ నంబరు ప్రకారం కూర్చోబెట్టండి. వడ్డన చిన్నపిల్లల వైపు నుంచి మొదలుపెట్టండి. ఆ ఇద్దరి ఇళ్ళకి మాలో నలుగురిని పంపండి, పిలుచుకొస్తాం.